జాప్యానికి లెక్క కట్టిన ఇంజనీరు హెన్రీ గాంట్

ఒక ఆనకట్ట గాని, విద్యుత్ కేంద్రం గాని, రైలు మార్గం గాని ఎప్పటికి పూర్తవుతుందన్న సమీక్ష జరిగినప్పుడు అధికారుల ముందు తరచుగా ఒక పటం కనిపిస్తుంది. ఎడమవైపు పనుల జాబితా, పైన తేదీలు, ఆ రెంటి నడుమ అడ్డంగా సాగే గీతలు. దాని పేరు గాంట్ చార్టు. కేంద్ర గణాంకాలు, కార్యక్రమాల అమలు మంత్రిత్వ శాఖ 150 కోట్ల రూపాయలు, అంతకు మించిన వ్యయంతో చేపట్టే కేంద్ర ప్రాజెక్టుల పురోగతిని పరిశీలించి, ఏది ఎంత కాలం వెనుకబడిందో తన నివేదికలలో వెల్లడిస్తూ వస్తోంది. ఇలా వెనుకబాటును తేదీలతో కొలిచి, కారణాన్ని దాని పక్కనే నమోదు చేసి, సమాధానం చెప్పవలసిన వారి ఎదుట ఉంచే పద్ధతికి నూరేళ్ల కిందట రూపమిచ్చిన వారిలో ముఖ్యుడు అమెరికన్ ఇంజనీరు హెన్రీ లారెన్స్ గాంట్.

పటం ప్రపంచమంతటా నిలిచింది. దానిని గీసిన ఉద్దేశం మాత్రం చాలామందికి తెలియదు. కార్మికుడు ఎంత పని చేశాడో కొలవడంతో గాంట్ వృత్తి జీవితం ప్రారంభమైంది. యంత్రం ఖాళీగా ఉండిపోవడానికి యాజమాన్యం ఎంతవరకు బాధ్యత వహించాలో కొలవడంతో అది ముగిసింది. ఆ మార్పు వెనుక ఇరవై ఏళ్లకు పైబడిన కర్మాగారాల అనుభవం ఉంది.

యుద్ధం మిగిల్చిన పేదరికం

గాంట్ 1861 మే 20న అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం కాల్వర్ట్ కౌంటీలో జన్మించారు. అప్పటికి కొద్ది వారాల ముందే అక్కడ అంతర్యుద్ధం మొదలయింది. ఆయనది పెద్ద భూస్వామ్య కుటుంబం. పొలాలలో బానిసల చేత పని చేయించుకునేది. యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయ్యేసరికి ఆ సంపద హరించుకుపోయింది. పేద బాలుర కోసం బాల్టిమోర్ సమీపంలో 1873లో నెలకొల్పిన మెక్‌డొనో పాఠశాలలో ఆయన చేరారు. పొలం పని, క్రమశిక్షణ, చదువు మూడూ కలిసి సాగే పాఠశాల అది.

1880లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి పట్టభద్రులై, తాను చదివిన పాఠశాలలోనే కొంతకాలం ఉపాధ్యాయుడుగా పనిచేశారు. తరువాత స్టీవెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరి 1884లో మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా పొందారు. బోధన వృత్తి ఆయనపై చెరగని ముద్ర వేసింది. కార్మికుడికి పని నేర్పకుండా, పని చేయలేదని నిందించడం న్యాయం కాదన్న అభిప్రాయం ఆయన తరువాతి రచనలన్నింటిలోనూ కనిపిస్తుంది.

టేలర్ సాహచర్యం

1887లో ఫిలడెల్ఫియాలోని మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారంలో గాంట్ ఉద్యోగంలో చేరారు. శాస్త్రీయ యాజమాన్యానికి ఆద్యుడుగా పేరుపొందిన ఫ్రెడరిక్ టేలర్ అక్కడే పనిచేస్తున్నారు. గాంట్ ఆయనకు సహాయకుడయ్యారు. తరువాత కాస్టింగు విభాగానికి అధిపతి అయ్యారు. ఇద్దరూ కలిసి కొన్ని పేటెంట్లు కూడా పొందారు. 1899లో టేలర్ పిలుపుపై గాంట్ బెత్లెహేమ్ ఉక్కు కంపెనీకి వెళ్లారు.

ఆనాటి కర్మాగారాలలో ఏ యంత్రంపై ఏ పని ముందు జరగాలన్నది ఫోర్‌మన్ నోటిమాటగా తేలేది. ఏ అధికారి గట్టిగా అడిగితే ఆయన పనే ముందుకు జరిగేది. ఒక రైలు ఇంజనుకు కావలసిన వందలాది భాగాలలో తొంభై పాళ్లు సిద్ధమై, ఒక్క చిన్న భాగం రాకపోవడంతో మొత్తం ఆగిపోవచ్చు. ఆ భాగం ఎక్కడ నిలిచిపోయిందో తెలుసుకోవడానికి మనుషులు షెడ్డు షెడ్డుకూ తిరగవలసి వచ్చేది.

పనుల వరుసను ముందుగా నిర్ణయించాలంటే ఒక్కొక్క పనికి పట్టే కాలం తెలియాలి. బెత్లెహేమ్‌లో టేలర్ బృందం చేసిన కృషి ఈ దిశగానే సాగింది. లోహాన్ని కోసే పనిముట్టు ఏ వేగంతో తిరగాలో, ఎంత లోతు కోయాలో లెక్కించేందుకు కార్ల్ బార్త్ అనే గణితజ్ఞుడు స్లైడ్ రూళ్లు తయారుచేశారు. ఆ లెక్కల ఆధారంగా ప్రతి పనికీ ఒక సూచనల కార్డు రాసి కార్మికుడి చేతికి ఇచ్చేవారు. పని చేసే క్రమం, వాడవలసిన పనిముట్లు, పట్టవలసిన సమయం అందులో ఉండేవి.

బోనస్ పద్ధతి

టేలర్ వేతన విధానంలో లక్ష్యం చేరిన కార్మికుడికి ఒక్కో వస్తువుకు హెచ్చు రేటు, చేరనివాడికి తక్కువ రేటు లభించేవి. లక్ష్యానికి కొద్దిలో తప్పినవాడు కూడా శిక్షకు గురయ్యేవాడు. గాంట్ 1901లో దీనికి భిన్నమైన పద్ధతి ప్రతిపాదించారు. పని పూర్తయినా కాకపోయినా రోజు కూలి కార్మికుడికి ఖాయం. నిర్ణీత సమయంలో పని ముగించినవాడికి అదనంగా బోనస్. తన కింద ఉన్న కార్మికులలో ఎందరు బోనస్ సంపాదిస్తే ఫోర్‌మన్‌కూ అంత ప్రతిఫలం. అందరూ సంపాదిస్తే మరింత. వెనుకబడిన కార్మికుడికి పని నేర్పడం ఫోర్‌మన్‌కు లాభసాటి అయింది. దండించేవాడు బోధించేవాడుగా మారాలన్నది గాంట్ ఆశయం.

ఈ పద్ధతికీ విమర్శలు తప్పలేదు. గంట గంటకూ పని కొలవడాన్ని కార్మిక సంఘాలు వ్యతిరేకించాయి. 1911 ఆగస్టులో వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో గడియారంతో పని కొలవడానికి నిరసనగా పోత కార్మికులు సమ్మెకు దిగారు. ఆ వివాదం అమెరికన్ కాంగ్రెస్ విచారణ దాకా వెళ్లింది. ఇంకొక విమర్శ గాంట్ పుట్టుకకే సంబంధించినది. రోజుకు ఇంత అని పని కొలిచి అప్పగించే ఆచారం దక్షిణాది తోటలలో బానిసల విషయంలో అమలులో ఉండేదని, గాంట్ వాడిన పదజాలానికి ఆ వాసన అంటుకుని ఉందని చరిత్రకారిణి కెయిట్లిన్ రోజెంథాల్ 2018లో వెలువరించిన గ్రంథంలో వివరించారు. అయితే గాంట్ పద్ధతిలో కార్మికుడు స్వతంత్రుడు, రోజు కూలికి హామీ ఉంది. ఈ రెండు విషయాలనూ పక్కపక్కనే ఉంచి చూడవలసి ఉంటుంది.

ప్రతి ఉదయం నిన్నటి లెక్క

బెత్లెహేమ్ నుంచి 1901లో వైదొలగిన గాంట్ స్వతంత్ర సలహాదారుగా స్థిరపడ్డారు. రైలు ఇంజన్ల తయారీ, బట్టల మిల్లులు, టైపు మిషన్లు, కెనడియన్ పసిఫిక్ రైల్వే వర్క్‌షాపులు వంటి పలు పరిశ్రమలు ఆయన సేవలు వినియోగించుకున్నాయి. 1903లో అమెరికన్ సొసైటీ ఆఫ్ మెకానికల్ ఇంజనీర్స్‌కు ఆయన సమర్పించిన పత్రం పనుల కాలనిర్ణయ చరిత్రలో ఒక మైలురాయి. ఉత్పత్తిలో ప్రతిరోజూ నిల్వ తేల్చే పట్టికలను ఆయన అందులో వివరించారు.

ఒక ఆర్డరుకు కావలసిన భాగాలన్నీ పట్టికలో ఒక వైపు ఉంటాయి. రోజులు మరొక వైపు ఉంటాయి. ఏ భాగం ఏ విభాగంలో ఏ రోజున మొదలై ఏ రోజుకు ముగియాలో ముందే గుర్తిస్తారు. ఆ రోజున ఎన్ని తయారయ్యాయి, మొత్తం ఎన్ని తయారయ్యాయి అన్నది అదే గడిలో నింపుతారు. వ్యాపారి రాత్రి దుకాణం కట్టే ముందు చిట్టా రాసుకున్నట్టు, కర్మాగారం అధికారి మరుసటి ఉదయానికల్లా నిన్నటి పని నిల్వ తేల్చుకోగలిగారు. నెలాఖరున తెలిసే ఆలస్యం మరునాడే తెలియసాగింది.

ఈ పట్టికలు క్రమంగా గీతల పటాలుగా మారాయి. గాంట్ పటంలోని కీలకం ఒక చిన్న ఏర్పాటులో ఉంది. ఒకే గడి రెండు విషయాలను సూచిస్తుంది. అది ఒక రోజు కాలమూ, ఆ రోజున జరగవలసిన పని పరిమాణమూ కూడా. ఆ రోజున 100 వస్తువులు కావలసి 60 మాత్రమే తయారైతే, సన్నని గీత గడిలో అరవై పాళ్ల వరకే సాగుతుంది. మొదటి నుంచీ జరిగిన మొత్తం పనిని లావు గీత చూపుతుంది. నేటి తేదీ దగ్గర వేలు పెట్టి చూస్తే, లావు గీత వేలికి ఎంత ఎడమన ఆగిందో అన్ని రోజుల పని వెనుకబడినట్టు. అంకెలు చదవలేని వ్యక్తి కూడా జాప్యాన్ని కంటితో చూడవచ్చు.

ఇదే ఆలోచన అంతకు ముందే మరొకరికి తట్టిందన్న సంగతీ గమనార్హం. పోలండ్ ఇంజనీరు కరోల్ అడామియెట్స్కీ ఉక్కు రోలింగు మిల్లుల కోసం 1896లోనే ఇటువంటి పటం రూపొందించారు. ఆయన రచనలు ఇంగ్లీషులో రాకపోవడంతో పశ్చిమ దేశాలకు ఆ సంగతి చాలాకాలం తెలియలేదు. ఖ్యాతి గాంట్ పేరుకు దక్కింది.

ఖాళీ యంత్రం ఖర్చు ఎవరిది?

1910 అక్టోబరులో న్యూయార్కులోని గాంట్ నివాసంలో కొందరు ఇంజనీర్లు సమావేశమయ్యారు. రైల్వేల చార్జీల పెంపును వ్యతిరేకిస్తూ వాదిస్తున్న న్యాయవాది లూయీ బ్రాండైస్ కూడా అందులో ఉన్నారు. టేలర్ పద్ధతికి శాస్త్రీయ యాజమాన్యం అన్న పేరు ఖాయమైంది ఆ సమావేశంలోనే. చార్జీలు పెంచే బదులు నిర్వహణ మెరుగుపరచుకుంటే చాలునన్నది బ్రాండైస్ వాదన. గాంట్ సాక్షులలో ఒకరు. అదే ఏడాది ఆయన పని, వేతనాలు, లాభాలపై ఒక గ్రంథం ప్రచురించారు.

అప్పటి నుంచి గాంట్ దృష్టి కార్మికుడి నుంచి యాజమాన్యం వైపు మళ్లింది. యంత్రాల పటంలో ప్రతి యంత్రానికీ ఒక వరుస కేటాయించి, అది నడిచిన కాలాన్ని గీతగా గీసి, ఆగిన కాలానికి కారణాన్ని ఒక అక్షరంతో గుర్తించే ఏర్పాటు ఆయన పద్ధతిలో భాగమైంది. ముడి సరుకు లేదు, పనిముట్లు లేవు, మరమ్మతు, విద్యుత్తు లేదు, పనివాడు లేడు, ఆర్డర్లే లేవు. ఇవే ఆ కారణాలు. వాటిలో అత్యధికం కార్మికుడి చేతిలో లేనివే. సరుకు సమయానికి తెప్పించవలసినది, పనిముట్లు సమకూర్చవలసినది, పనుల వరుస నిర్ణయించవలసినది పైవారే.

1915లో ఆయన మరొక ప్రశ్న లేవనెత్తారు. ఒక కర్మాగారానికి అద్దె, వడ్డీ, నిర్వహణ వంటి స్థిర వ్యయం లక్ష రూపాయలనుకుందాం. పూర్తి సామర్థ్యంతో 1000 వస్తువులు తయారైతే ఒక్కో వస్తువుపై పడే భారం 100 రూపాయలు. సగం యంత్రాలు ఖాళీగా ఉండి 500 వస్తువులే తయారైతే, ఆనాటి లెక్కల పద్ధతి ప్రకారం ఆ భారం 200 రూపాయలవుతుంది. ఖాళీ యంత్రాల ఖర్చును కొనుగోలుదారు మోయవలసి వస్తుంది. గాంట్ దీనిని అంగీకరించలేదు. వస్తువు తయారీకి నిజంగా అవసరమైన 100 రూపాయలే దాని ధరలో చేరాలని, మిగిలిన 50 వేల రూపాయలను యజమాని లాభాల నుంచి మినహాయించి నష్టంగా చూపాలని ఆయన వాదించారు. అప్పుడు గాని యంత్రాలు ఎందుకు ఖాళీగా ఉన్నాయో యజమాని ఆరా తీయరన్నది ఆయన అభిప్రాయం.

1915 మార్చిలో టేలర్ మరణించారు. గాంట్ భావాలు మరింత తీవ్రమయ్యాయి. పరిశ్రమలకు నాయకత్వం వహించవలసినది పెట్టుబడి గలవారు కారని, ఉత్పత్తి తెలిసినవారని ఆయన నమ్మారు. 1916లో కొందరు మిత్రులతో కలిసి న్యూ మెషీన్ అనే బృందాన్ని ఏర్పాటుచేశారు. యుద్ధం ముంచుకురావడంతో ఆ ప్రయత్నం ఎక్కువకాలం నిలువలేదు.

యుద్ధకాలపు పటాలు

1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రవేశించింది. తుపాకులు, గుండ్లు, ఓడలు వేల సంఖ్యలో ఒకేసారి కావలసి వచ్చాయి. వందలాది కంపెనీలకు ఆర్డర్లు వెళ్లాయి. ఎవరు ఎంత ఇచ్చారో అంకెలు మాత్రం కుప్పలుగా వచ్చేవి. ఒక కంపెనీ 50 వేల తుపాకులు తయారు చేసిందన్న సమాచారం వల్ల ప్రయోజనం లేదు. ఆ తేదీకి ఎన్ని రావలసి ఉందో తెలిస్తేనే అది మేలో కీడో తేలుతుంది.

ఆయుధ విభాగం అధిపతి జనరల్ విలియం క్రోజియర్ గాంట్ సహాయం తీసుకున్నారు. కాలాన్నీ పనినీ ఒకే గడిలో చూపే పటాలు విరివిగా వాడుకలోకి వచ్చింది ఈ సందర్భంలోనే. తరువాత ఆయన ఓడల నిర్మాణం చూసే ఎమర్జెన్సీ ఫ్లీట్ కార్పొరేషన్‌కు సేవలందించారు. ఓడలు నిర్మించడమే కాక, ఉన్న ఓడలు రేవులో ఎన్ని రోజులు ఊరక నిలిచిపోతున్నాయో కూడా పటాలకెక్కింది. కర్మాగారంలో ఖాళీ యంత్రం ఎటువంటిదో రేవులో ఖాళీ ఓడ అటువంటిదే.

యుద్ధం ముగిసిన ఏడాదికి, 1919 నవంబరు 23న, 58వ ఏట గాంట్ కన్నుమూశారు. పరిశ్రమ లాభానికి ముందు సమాజానికి సేవ చేయాలన్న వాదనతో ఆయన రాసిన చివరి గ్రంథం ఆ సంవత్సరమే వెలువడింది. ఆయన సహచరుడు వాలెస్ క్లార్క్ 1922లో గాంట్ చార్టుపై ఒక పుస్తకం ప్రచురించారు. అది పలు భాషలలోకి అనువాదమైంది. మరొక సహచరుడు వాల్టర్ పొలకోవ్ 1929లో సోవియట్ యూనియన్ వెళ్లి, మొదటి పంచవర్ష ప్రణాళిక కాలంలో అక్కడి కర్మాగారాలకు ఈ పటాలు పరిచయం చేశారు. పెట్టుబడిదారీ దేశంలో పుట్టిన పటం సోషలిస్టు దేశానికీ పనికివచ్చింది. 1929లోనే గాంట్ పేరిట ఒక పతకం నెలకొల్పి, మొదటిది మరణానంతరం ఆయనకే ప్రకటించారు.

గణితానికి లొంగని వరుస

గాంట్ పటం జాప్యాన్ని చూపుతుంది. ఏ పని ముందు చేస్తే జాప్యం తగ్గుతుందో చెప్పదు. ఆ ప్రశ్నను తరువాతి తరం గణితజ్ఞులు చేపట్టారు. 1954లో అమెరికన్ గణితజ్ఞుడు ఎస్.ఎం. జాన్సన్ రెండు యంత్రాల సందర్భానికి ఒక సులభ సూత్రం కనుగొన్నారు.

మూడు పనులు ముందు లేతు యంత్రంపై, ఆ తరువాత డ్రిల్లింగు యంత్రంపై జరగాలనుకుందాం. మొదటి పనికి లేతుపై 5 గంటలు, డ్రిల్లుపై 2 గంటలు పడుతుంది. రెండవ దానికి 4, 4. మూడవ దానికి 1, 6. వచ్చిన వరుసలోనే చేస్తే అన్నీ ముగిసేసరికి 19 గంటలవుతుంది. జాన్సన్ సూత్రం ప్రకారం అన్నింటిలోకీ తక్కువ కాలం లేతుపై ఉంటే ఆ పని ముందుకు, డ్రిల్లుపై ఉంటే ఆ పని చివరకు వెళ్లాలి. అంటే మూడవది, రెండవది, మొదటిది. అప్పుడు 13 గంటలలోనే అన్నీ పూర్తవుతాయి. ఎవరూ వేగంగా పనిచేయలేదు, కొత్త యంత్రం కొనలేదు, అయినా 6 గంటలు ఆదా అయింది. వరుసను నిర్ణయించవలసినవారు నిర్ణయించారు, అంతే.

యంత్రాలు పెరిగిన కొద్దీ సమస్య జటిలమవుతుంది. 10 పనులు, 10 యంత్రాలతో 1963లో ప్రచురితమైన ఒక లెక్కకు అత్యుత్తమ సమాధానాన్ని నిరూపించడానికి 1989 వరకు, అంటే 26 సంవత్సరాలు పట్టింది. ఇటువంటి సమస్యలన్నింటికీ వేగంగా ఖచ్చితమైన సమాధానమిచ్చే పద్ధతి దొరకడం ఎందుకు అత్యంత కష్టమో 1976లో మైకేల్ గేరీ, డేవిడ్ జాన్సన్, రవి సేథి గణితపరంగా చూపారు. వీరిలో సేథి కాన్పూరు ఐఐటిలో చదివిన భారతీయుడు. అందువల్ల పెద్ద కర్మాగారాలలో కంప్యూటర్లు సైతం సాధారణంగా అత్యుత్తమమైన వరుసను గాక, చాలినంత మంచి వరుసను వెతుకుతాయి.

పెద్ద ప్రాజెక్టుల కోసం 1957, 58 సంవత్సరాలలో క్రిటికల్ పాత్, పెర్ట్ అనే పద్ధతులు వచ్చాయి. ఏ పని ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో ఇవి తేల్చి చెబుతాయి. ఇవి వచ్చిన తరువాత గాంట్ పటం మరుగున పడుతుందని భావించిన వారున్నారు. అయితే ఆ లెక్కల ఫలితాన్ని చూపడానికి చివరకు గాంట్ గీతలే అక్కరకు వస్తున్నాయి.

భారతదేశంలో

ఈ శాస్త్రం భారతదేశానికి స్వాతంత్ర్యం తొలినాళ్లలోనే వచ్చింది. హైదరాబాదులోని ప్రాంతీయ పరిశోధనాలయంలో 1949లో ఆపరేషన్స్ రీసెర్చ్ విభాగం ఏర్పడిందని పాఠ్యగ్రంథాలు పేర్కొంటాయి. భారత గణాంక సంస్థ వ్యవస్థాపకుడు పి.సి. మహలనోబిస్ రెండవ పంచవర్ష ప్రణాళికకు గణిత పద్ధతులు జోడించారు. 1957లో ఆపరేషనల్ రీసెర్చ్ సొసైటీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. ఇంజనీరింగు, మేనేజ్‌మెంటు విద్యార్థులు నేడు గాంట్ చార్టును, జాన్సన్ సూత్రాన్ని పాఠ్యాంశాలుగా చదువుతున్నారు.

పటం గీయడం ఇప్పుడు సులభం. కంప్యూటరు నిమిషాలలో గీసి ఇస్తుంది. గడువు సవరించగానే గీత కూడా దానంతట అదే కుడివైపుకు జరుగుతుంది. మొదటి తేదీని తీసివేసి సవరించిన తేదీనే చూపితే, పటంలో జాప్యమే మిగలదు. గాంట్ పటంలో ఆ వెసులుబాటు లేదు. జరగవలసిన పని ఒక గీత, జరిగిన పని మరొక గీత. రెంటి మధ్య ఖాళీ ఉన్నచోట కారణం రాసి తీరాలి. భూసేకరణ, అనుమతులు, నిధులు, సరుకు, యంత్రాలు. ప్రాజెక్టు ఏదైనా ఈ కారణాలలో ఏదీ చివరి వరుసలోని కూలీది కాదన్న వాస్తవం ఆ పటం చెబుతుంది.